షిమోనాదా స్టేషన్‌కి వెళ్లి రావడం ఎలా?

షిమోనాదా వెళ్లాలనుకునేవాళ్లు ముందు తిరిగొచ్చే బండి టైము రాసుకోవాలి. వెళ్లే బండి సంగతి ఆ తర్వాత. ఇదేం తలకిందుల లెక్క అనిపిస్తుంది గానీ, సూర్యుడు మునిగిపోయాక, ఊళ్లో దీపాలు వెలిగాక, ఆ ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా కూర్చుని తర్వాతి బండి కోసం ఎదురుచూసినవాడిగా చెప్తున్నాను. నాకు బండి ఎలా తప్పిపోయిందో ఆ చోటు వచ్చినప్పుడు చెప్తాను.

షిమోనాదా జపాన్‌లోని షికోకు దీవిలో ఎహిమె ప్రాంతంలో, ఇయో నగరం పరిధిలోని ఫుతామి దగ్గర ఉన్న చాలా చిన్న స్టేషన్. ఒకటే లైను, ఒకటే ప్లాట్‌ఫాం, దాని మీద చిన్న రేకుల కప్పు, కింద బెంచీ. పక్కనే పాత చెక్క స్టేషన్ గది. బెంచీ మీద కూర్చుంటే కాళ్ల ముందు పట్టాలు, పట్టాల కింద రోడ్డు, రోడ్డు అవతల సముద్రం. ఇంకేమీ లేదు. 1935లో తెరిచినప్పుడు ఆ రోడ్డు కూడా లేదు, స్టేషన్ కింద నేరుగా నీళ్లే. 378వ నంబరు జాతీయ రహదారి వేయడం కోసం తీరాన్ని పూడ్చాక సముద్రం కొంచెం దూరం జరిగింది.

స్టేషన్ మాస్టరు లేడు, టికెట్ కౌంటరు లేదు, అనౌన్స్‌మెంటు చేసే మనిషి లేడు. జపాన్‌లో ఇలాంటి వాటిని ముజిన్ ఎకి అంటారు, అంటే మనుషులు లేని స్టేషన్. మనిషి లేడంటే ఆ మనిషి చేసే పనులన్నీ మన నెత్తిన పడ్డట్టే. టైము చూసుకోవడం, డబ్బు కట్టడం, ఏ బండి ఎటు పోతుందో తెలుసుకోవడం, చెత్త ఎత్తుకోవడం, లైను మీదికి దిగకుండా ఉండటం, అన్నీ. కింద రాసిందంతా ఆ పనుల గురించే.

ఏ రోజు, ఏ పూట

సూర్యాస్తమయం కోసమే చాలామంది వెళ్తారు. షికోకు పడమటి కొసన ఉండటం వల్ల టోక్యోతో పోలిస్తే ఇక్కడ పొద్దు ఆలస్యంగా గూకుతుంది. జూన్ చివర్లో సుమారు ఏడూ ఇరవై ఐదుకి, సెప్టెంబర్ చివర్లో ఆరింటికి, డిసెంబర్‌లో ఐదూ ఐదుకి అటూ ఇటూగా. మీరు వెళ్లే తేదీకి కచ్చితమైన టైము ఫోన్‌లో చూసుకుని, దానికి కనీసం ముప్పావుగంట ముందు స్టేషన్‌లో ఉండేలా బండి ఎంచుకోండి. అసలు రంగులన్నీ సూర్యుడు మునిగాక పావుగంటకి వస్తాయి. కాబట్టి సూర్యుడు దిగగానే బండెక్కేసేలా ప్లాన్ వేసుకోకండి.

శని, ఆదివారాల సాయంత్రాలు, ఏప్రిల్ చివర్లో మొదలయ్యే గోల్డెన్ వీక్ అనే వరస సెలవులు, ఆగస్టులో ఒబొన్ పండగ రోజులు మానుకుంటే మంచిది. ఆ రోజుల్లో బెంచీ దగ్గర ఫోటో కోసం వరస ఉంటుంది. ఈ స్టేషన్‌కి ఇంత పేరు రావడానికి కారణం ఒక పోస్టరు. సెయిషున్ 18 కిప్పు అనే చవక టికెట్ ప్రచారం కోసం 1990ల చివర్లో రైల్వే వాళ్లు వేసిన పోస్టర్ల మీద ఈ ప్లాట్‌ఫాం ఒకటికి రెండుసార్లు కనిపించింది. ఆ బొమ్మ చూసి దేశం నలుమూలల నుంచి జనం రావడం మొదలైంది. నా సలహా అడిగితే మామూలు పనిదినం ఉదయం వెళ్లండి. సూర్యాస్తమయం దొరకదు నిజమే, కానీ సముద్రం మీద తెల్లటి వెలుగు, బడికి పోయే పిల్లలు ఇద్దరు ముగ్గురు, కూరగాయల సంచితో ఒక మామ్మగారు కనిపిస్తారు. స్టేషన్ స్టేషన్‌లా ఉండేది అప్పుడే.

వర్షాకాలం సంగతి ఒక మాట. జూన్ నుంచి జులై దాకా అక్కడి వానలు, ఆగస్టు, సెప్టెంబర్‌లలో తుఫానులు. లైను కొండకీ సముద్రానికీ మధ్య నడుస్తుంది, అందుకే గట్టివాన పడితే ముందుజాగ్రత్తగా బండ్లు ఆపేస్తారు. బయలుదేరే రోజు ఉదయం ఈ లైను నడిపే రైల్వే కంపెనీ జేఆర్ షికోకు వాళ్ల సైటులో బండ్లు నడుస్తున్నాయో లేదో చూడండి. ఈ చిన్న లైను ఆగిపోతే మరో బండి వేసి పంపరు.

మత్సుయామా దాకా

షిమోనాదాకి అందరూ వెళ్లేది దగ్గర్లోని పెద్ద ఊరు మత్సుయామా నుంచే. ఒసాకా వైపు నుంచి వస్తుంటే షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒకాయామా దాకా ముప్పావుగంట, అక్కడ మారి షియోకాజే ఎక్స్‌ప్రెస్‌లో మత్సుయామాకి రెండు గంటల నలభై, నలభై ఐదు నిమిషాలు. ఆ దారిలో సెతో మహా వంతెన వస్తుంది, 1988లో కట్టింది. కాసేపు కింద అంతా సముద్రం, చిన్న చిన్న దీవులు, ఓడలు. ఆ పదినిమిషాలూ ఫోన్ లోపల పెట్టి కిటికీలోంచి చూడండి. హిరోషిమా నుంచి వచ్చేవాళ్లకి ఓడ ఉంది. వేగంగా పోయే పడవ గంటా పది నిమిషాల్లో దింపుతుంది, మామూలు ఓడకి రెండున్నర గంటలు దాటుతుంది. టోక్యోలో ఉండే మనవాళ్లకైతే విమానమే సులువు.

మత్సుయామాలో దిగాక ఒక పొరపాటు చాలామంది చేస్తారు. మత్సుయామా స్టేషన్ వేరు, మత్సుయామా షి స్టేషన్ వేరు. షి అంటే నగరం. ఆ రెండోది ఇయోతెత్సు అనే ప్రైవేటు రైలు కంపెనీది, ఊరి మధ్యలో ఉంటుంది. మీకు కావాల్సింది జేఆర్ వాళ్ల మత్సుయామా స్టేషన్. 2024 సెప్టెంబర్‌లో పట్టాలన్నీ పైకి లేపి కొత్త స్టేషన్ తెరిచారు, పాత ఫోటోలు చూసి వెతక్కండి. అక్కడివాళ్లని దారి అడిగేటప్పుడు ఇంకో చిక్కు. ఇయోతెత్సు బండిని దెన్షా అంటారు, జేఆర్ బండిని కిషా అంటారు. కిషా అంటే ఆవిరి బండి అని అర్థం. ఆవిరి ఇంజన్లు పోయి దశాబ్దాలు గడిచినా మాట పోలేదు, మన పెద్దవాళ్లు ఇప్పటికీ పొగబండి అన్నట్టే. కాబట్టి "షిమోనాదాకి కిషా" అని అడగండి, ఠక్కున చెప్తారు.

సరైన బండి ఎక్కడం

అసలు చిక్కు ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చదవండి.

మత్సుయామా నుంచి దక్షిణానికి పోయే యోసాన్ లైను, ఇయో షి స్టేషన్ దాటి ముకాయిబారా అనే చోట రెండుగా చీలుతుంది. ఒకటి సముద్రం ఒడ్డున షిమోనాదా, ఇయో నాగహామా మీదుగా వంకరటింకరగా పోతుంది. ఇది పాతది. రెండోది కొండల్ని తొలుచుకుని ఉచికో మీదుగా పోతుంది, 1986లో తెరిచారు. రెండూ ఇయో ఓజు దగ్గర మళ్లీ కలుస్తాయి. కొత్తది దగ్గరిదారి కాబట్టి ఎక్స్‌ప్రెస్‌లన్నీ దాని మీదకి మారిపోయాయి. సముద్రం లైనుకి మిగిలినవి పాసింజర్లే. అదే ఏడాది ఊరివాళ్లు షిమోనాదా ప్లాట్‌ఫాం మీద సంధ్యవేళ పాటకచేరీ పెట్టడం మొదలుపెట్టారు. బండ్లు తగ్గిపోతే లైనే పోతుందేమోనన్న భయం వాళ్లది. ఇప్పుడా తీరపు లైనుకి ముద్దుపేరు కూడా ఉంది, ఆయి ఆరు ఇయోనాదా లైను. ప్రేమ ఉన్న ఇయోనాదా లైను అని దానర్థం.

కాబట్టి బోర్డు మీద ఇయో ఓజు, యావతాహామా, ఉవాజిమా అని కనిపించినంత మాత్రాన ఎక్కేయకండి. అటు పోయే పాసింజరు సముద్రం మీదుగానూ పోవచ్చు, కొండల మీదుగానూ పోవచ్చు. ఏ మీదుగా పోతుందో చూడాలి. ఇయో నాగహామా మీదుగా అని ఉంటేనే మీ బండి. ఉచికో మీదుగా అని ఉంటే కాదు. ఎక్స్‌ప్రెస్ ఉవాకాయి అసలే కాదు. ఎందుకైనా మంచిదని అడగాలనుకుంటే ఈ ముక్క నేర్చుకోండి: "షిమోనాదా ని తొమారిమాస్ కా?" షిమోనాదాలో ఆగుతుందా అని. తలూపితే ఎక్కేయండి.

పొరపాటున కొండల బండి ఎక్కేస్తే కంగారు పడకుండా ముకాయిబారాలోనే దిగిపోండి. అది దాటాక గుర్తొస్తే, ఆ రోజుకి ఉచికోలో పాత వీధులు చూసుకోండి. అవీ బాగుంటాయి.

టైమ్‌టేబుల్ ఏటా మార్చి మధ్యలో మారుతుంది. పాత బ్లాగుల్లో రాసిన టైములు నమ్మొద్దు. షిమోనాదాలో ఆగే బండ్లు ఒక్కో దిక్కుకి రోజంతా కలిపి పది దాకా మాత్రమే. కొన్నిసార్లు రెండు బండ్ల మధ్య రెండు మూడు గంటలు ఖాళీ. అందుకే మొదట్లో తిరుగు బండి అన్నాను. ఒక కాగితం మీద మూడు టైములు రాసుకోండి: వెళ్లే బండి, రావాలనుకునే బండి, అది తప్పితే తర్వాతి బండి. ఆ మూడోది రాత్రి చివరి బండి అయితే గీత గీసి పెట్టుకోండి. ఫోన్ ఉంది కదా అనొద్దు, చలికాలం సముద్రగాలికి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం.

ఎక్కే ముందు

టాయిలెట్‌కి వెళ్లి రండి. నవ్వకండి, ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట. ఈ లైను మీద తిరిగే కిహా 54, కిహా 32 అనే డీజిల్ పెట్టెల్లో టాయిలెట్ ఉండదు. ప్రయాణం దాదాపు గంట. ఇయో షి దాకా కరెంటు లైను ఉంటుంది గానీ ఆ తర్వాత లేదు, అందుకే డీజిల్ బండి. కిహా 32 మరీ పొట్టిది, దూరం నుంచి చూస్తే సిటీ బస్సు పట్టాలెక్కినట్టు ఉంటుంది. ఎక్కువసార్లు ఒకే పెట్టె వస్తుంది. ప్లాట్‌ఫాం అంత పొడుగ్గా ఉంటే బండి ఇంత చిన్నదేంటి అని అవతలి కొసన నిలబడితే పరిగెత్తాల్సి వస్తుంది.

డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే సుయికా, ఇకోకా లాంటి రైలు కార్డులు షిమోనాదాలో పనిచేయవు. టోక్యోలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు కూడా ఈ విషయం మరిచిపోయి, కార్డులో డబ్బు ఉంది కదా అని ధీమాగా వస్తారు. మత్సుయామాలో కాగితం టికెట్ కొనుక్కోండి. ఏ ఊరికి ఎంతో పైన మ్యాపు మీద రాసి ఉంటుంది, ఆ మొత్తం బటన్ నొక్కితే చాలు. జేఆర్ పాస్, షికోకు పాస్ ఉన్నవాళ్లు దాన్నే చూపించొచ్చు.

సెయిషున్ 18 కిప్పు గురించి చాలామంది అడుగుతారు. 18 అని ఉంది గానీ వయసుతో పని లేదు, అరవై ఏళ్లవాళ్లూ కొనొచ్చు. బడి సెలవుల కాలాల్లో మాత్రమే అమ్ముతారు, పాసింజర్లలోనే చెల్లుతుంది. 2024 చలికాలం నుంచి నిబంధనలు మారాయి. వరసగా మూడు రోజులకి 10,000 యెన్‌లు, వరసగా ఐదు రోజులకి 12,050 యెన్‌లు, ఒక్కరికే. ఇదివరకు నలుగురు స్నేహితులు కలిసి ఒక్క టికెట్ మీద తిరిగేవారు, ఆ మజా పోయింది. పోస్టరు మీద షిమోనాదాని చూపించి అమ్మిన టికెట్టుతోనే షిమోనాదా వెళ్లడం సరదాగా ఉంటుంది కానీ, ఈ ఒక్క ప్రయాణం కోసం అది కొనడం దండగ.

చిల్లర తప్పనిసరి. వెయ్యి యెన్‌ల నోట్లు రెండు మూడు, వంద, పది నాణేలు గుప్పెడు. ఎందుకో ఇప్పుడే చెప్తాను.

ఎక్కడం, కూర్చోవడం, దిగడం

ఈ బండ్లలో డ్రైవరు ఒక్కడే, గార్డు ఉండడు. దీన్ని వాన్‌మాన్ అంటారు. ఆర్టీసీలో కండక్టరు లేని బస్సులాంటి పద్ధతి. తలుపు తనంతట తనే తెరుచుకోకపోతే పక్కన బటన్ ఉంటుంది, నొక్కండి. సాధారణంగా వెనక తలుపు దగ్గర ఎక్కాలి, ముందు తలుపు దగ్గర దిగాలి. వెనక తలుపు పక్కన చిన్న పెట్టెలోంచి ఒక చీటీ బయటికి వచ్చి ఉంటుంది. దాన్ని సెయిరికెన్ అంటారు. దాని మీద ఒక నంబరు ఉంటుంది, అది మీరు ఎక్కిన స్టేషన్ గుర్తు. లాగి తీసుకోండి. చేతిలో టికెట్ ఉన్నా తీసుకుంటే నష్టం లేదు.

కుడివైపు కూర్చోండి. మత్సుయామా నుంచి పోయేటప్పుడు సముద్రం కుడిచేతి వైపే వస్తుంది. మొదటి అరగంటా ఇళ్లు, పొలాలు, నారింజ తోటలు. ముకాయిబారా దాటి ఒకటి రెండు సొరంగాలు గడిచాక, కోనోకావా దగ్గర కొండ పక్కకి తప్పుకున్నట్టుగా ఒక్కసారిగా నీళ్లు కనిపిస్తాయి. తర్వాత ఇయో కామినాదా, ఆ తర్వాతదే మీది. కామి అంటే ఎగువ, షిమో అంటే దిగువ, నాదా అంటే అలలు ఎక్కువగా ఉండే సముద్రపు పాయ. ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం లాగా గుర్తుపెట్టుకుంటే ఒక స్టేషన్ ముందు దిగిపోయే ప్రమాదం ఉండదు. రెండు పేర్లూ మైకులో దగ్గర దగ్గరగా వినిపిస్తాయి, అందుకని చెప్పాను.

డ్రైవరు తల మీద ఒక బోర్డు వెలుగుతూ ఉంటుంది. మీ చీటీ మీద ఉన్న నంబరు ఆ బోర్డు మీద వెతకండి, దాని కింద ఉన్న అంకె మీ చార్జీ. స్టేషన్ స్టేషన్‌కీ అది పెరుగుతుంది. టికెట్ లేనివాళ్లు దిగేటప్పుడు చీటీ, డబ్బు కలిపి డ్రైవరు పక్కన ఉన్న పెట్టెలో వేయాలి. ఆ పెట్టె చిల్లర తిరిగి ఇవ్వదు. వెయ్యి వేస్తే వెయ్యీ పోయినట్టే. అందుకే బండి ఏదైనా స్టేషన్‌లో ఆగి ఉన్నప్పుడు ముందుకెళ్లి నోటు మార్చుకోవాలి. అదే పెట్టెకి పక్కన నోటు పెట్టే గాడి ఉంటుంది, వెయ్యి పెడితే నాణేలు రాలతాయి. దీన్ని ర్యోగాయె అంటారు. ఐదు వేలు, పది వేల నోట్లు అది తీసుకోదు. 2021లో వచ్చిన కొత్త ఐదువందల నాణెం, 2024లో వచ్చిన కొత్త నోట్లు కూడా కొన్ని పాత యంత్రాలకి రుచించవు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు జేబులో ఒక్కటే పదివేల నోటు. దిగే ముందు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. డ్రైవరు నన్ను చూసి, నోటుని చూసి, ఏమీ అనలేదు. వెనక సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి తన పర్సు తెరిచి పది వెయ్యి నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. బండి రెండు నిమిషాలు ఆలస్యమైంది. జపాన్‌లో రెండు నిమిషాలంటే తక్కువేం కాదు. చిల్లర అని ఇంతలా ఎందుకు మొత్తుకుంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ప్లాట్‌ఫాం మీద

దిగగానే సముద్రం వైపు పరిగెత్తకుండా ముందు స్టేషన్ గదిలోకి వెళ్లి గోడ మీద ఉన్న టైమ్‌టేబుల్ ఫోటో తీసుకోండి. చదవడం సులువే. నిలువుగా ఎడమ పక్కన గంటలు, 24 గంటల లెక్కలో. ప్రతి గంటకి ఎదురుగా నిమిషాలు. రెండు దిక్కులకి రెండు భాగాలు. ఊరి పేరు పక్కన హోమెన్ అని ఉంటే ఆ వైపు అని అర్థం. మీకు కావాల్సింది మత్సుయామా హోమెన్.

నాకు బండి తప్పిపోయింది ఇక్కడే. ఉన్నది ఒకటే లైను కదా, రెండు వైపులా పోయే బండ్లూ అదే పట్టాల మీద, అదే ప్లాట్‌ఫాంకి వస్తాయి. అవతలి వైపు ప్లాట్‌ఫాం అనేదే లేదు. పొద్దు గూకాక ఒక బండి వచ్చి ఆగింది. ఇది ఇయో నాగహామా వైపు పోయేదిలే అనుకుని, దీపాలు వెలిగిన పెట్టెని, వెనక ఊదా రంగు ఆకాశాన్ని తీరిగ్గా ఫోటోలు తీశాను. మంచి ఫోటోలే వచ్చాయి. ఆ బండే మత్సుయామా బండి. తలుపులు మూసుకుని కదిలాక, అది పోతున్న దిక్కు చూసి విషయం అర్థమైంది. కాబట్టి బండి ఆగగానే ముందు నెత్తిన, పక్కన ఉన్న పేరు పలక చూడండి. చదవడం రాకపోతే బండి ఎటునుంచి వచ్చిందో గుర్తుపెట్టుకోండి. సముద్రానికి ఎదురుగా నిలబడితే, మత్సుయామాకి పోయే బండి మీ ఎడమ నుంచి వచ్చి కుడికి పోతుంది.

ఫోటోల సంగతి. బెంచీ మీద వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి, పైన రేకుల కప్పు, ముందు సముద్రం, ఇదే అందరూ తీసేది. తీసుకోండి, తప్పులేదు. కానీ పసుపు గీత దాటొద్దు, పట్టాల మీదికి అసలు దిగొద్దు. బండ్లు తక్కువ కదా అనుకోవడానికి లేదు. టైమ్‌టేబుల్‌లో లేని బండి కూడా ఆగకుండా పోవచ్చు, డీజిల్ పెట్టె ఒక్కటే వచ్చేటప్పుడు అలల హోరులో దాని చప్పుడు ఆలస్యంగా వినిపిస్తుంది. జనం ఉన్నప్పుడు స్టాండు పాతి గంటల తరబడి చోటు ఆక్రమించొద్దు. వరస ఉంటే మన వంతు వచ్చినప్పుడు రెండు మూడు ఫోటోలు తీసుకుని లేవాలి. బండి కోసం నిజంగా ఎదురుచూసే ఊరివాళ్లకి ఆ బెంచీ మీద మనకన్నా ఎక్కువ హక్కు ఉంది. చుట్టూ ఉన్నవి కాపురాలుంటున్న ఇళ్లు. వాకిళ్లలోకి, తోటల్లోకి వెళ్లి యాంగిల్ వెతకొద్దు. కారులో వచ్చేవాళ్లు ఇరుకు దారిలో అడ్డంగా ఆపి పోతుంటారు. ఆ పని మీరు చేయకండి, అసలు కారులో వస్తే సగం ఆనందం పోయినట్టే.

తినడానికి మత్సుయామా నుంచే తెచ్చుకోండి. దగ్గర్లో ఏదో ఒకటి తెరిచి ఉంటుందన్న నమ్మకంతో రావొద్దు. శాకాహారులకి ఉమె అనే పుల్లటి ఊరగాయ పెట్టిన అన్నం ముద్ద, ఓనిగిరి, ఏ కన్వీనియెన్స్ స్టోర్‌లోనైనా దొరుకుతుంది. మా ఇంట్లోవాళ్లయితే ఏకంగా పులిహోర కట్టుకొస్తారు, గాలికి చల్లారినా బాగుంటుంది. చేపలు తినేవాళ్లు ఎహిమెలో జాకొతెన్ వదలొద్దు. చిన్న చేపల్ని ఎముకలూ తోలూ తియ్యకుండా రుబ్బి, బిళ్లలుగా తట్టి నూనెలో వేయిస్తారు. నల్లగా, చూడ్డానికి అంత అందంగా ఉండదు, వేడిగా తింటే తెలుస్తుంది. ఇయో కామినాదా దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఫుతామి విశ్రాంతి కేంద్రంలో అమ్ముతారు. తిన్నాక కాగితాలు, సీసాలు సంచిలో వేసుకుని మత్సుయామా దాకా మోసుకెళ్లండి. ఇక్కడ చెత్త ఎత్తడానికి మనిషి లేడని మొదట్లోనే అనుకున్నాం.

సమయం మిగిలితే

వచ్చిన దారినే తిరిగి పోనక్కరలేదు. పగలు వెళ్తే నేను చెప్పే దారి ఇది. షిమోనాదాలో ఒక బండి దిగి, తర్వాత ముందుకు పోయే బండి ఎక్కి ఇయో నాగహామాకి వెళ్లండి. హిజి నది సముద్రంలో కలిసే చోట 1935లో కట్టిన ఎర్ర ఇనుప వంతెన ఉంది. పడవలు పోవడానికి మధ్యలో పైకి లేచేలా కట్టారు. చలికాలం పొద్దున్న నది వెంట పొగమంచు గాలితో కలిసి ఆ వంతెన మీదుగా సముద్రంలోకి ఉరుకుతుంది. దాన్ని హిజికావా అరాషి అంటారు. అక్కడి నుంచి బండి నది పక్కనే ఇయో ఓజుకి చేరుతుంది. ఓజులో కోట చూసుకుని, ఉవాకాయి ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే కొండల దారిన త్వరగా మత్సుయామాలో పడతారు. ఒకే రోజులో పాత లైను, కొత్త లైను రెండూ చూసినట్టవుతుంది. ఎక్స్‌ప్రెస్‌కి విడిగా అదనపు టికెట్ కావాలి.

ఈ తంటాలన్నీ వద్దు, పెద్దవాళ్లని తీసుకెళ్తున్నాం అనేవాళ్లకి ఇయోనాదా మొనోగతారి అనే టూరిస్టు బండి ఉంది. 2014లో మొదలైంది, 2022లో మూడు పెట్టెల కొత్త బండి వచ్చింది. ఎక్కువగా శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో నడుస్తుంది. సీట్లన్నీ రిజర్వేషనే, భోజనం ముందే చెప్పుకోవాలి. షిమోనాదాలో కాసేపు ఆపి దించి ఫోటోలు తీసుకోనిస్తారు, మళ్లీ ఎక్కించుకుంటారు. దారిపొడుగునా ఊళ్లవాళ్లు బయటికొచ్చి చేతులు ఊపుతారు. మీరూ ఊపండి, వాళ్లు నిజంగానే ఎదురుచూస్తారు. అమ్మానాన్నలతో వెళ్తే నేను ఇదే ఎక్కిస్తాను. ఒంటరిగా అయితే ఒక పెట్టె డీజిల్ బండే.

తిరిగి వచ్చేటప్పుడు

షిమోనాదాలో టికెట్ దొరకదు కాబట్టి బండెక్కగానే వెనక తలుపు దగ్గర చీటీ తీసుకోండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. చీటీ లేకపోతే బండి మొదలైన చోటి నుంచి డబ్బు అడగొచ్చు. మత్సుయామాలో మనుషులున్న స్టేషన్ కాబట్టి అక్కడ గేటు దగ్గర చీటీ చూపించి కట్టొచ్చు, కంగారు లేదు. రాత్రి బండిలో లోపలి దీపాల వల్ల కిటికీలోంచి సముద్రం కనిపించదు, మీ మొహమే కనిపిస్తుంది.

తిరుగు బండి తప్పిపోతే? తర్వాతి బండి టైము కాగితం మీద ఉంది కదా, గదిలో కూర్చోండి. అదే చివరిది కూడా పోయి ఉంటే ఇయో నగరం నుంచి టాక్సీ పిలిపించుకోవడమే. స్టేషన్ ముందు టాక్సీలు నిలబడి ఉండవు. టాక్సీలో మత్సుయామా దాకా పోకుండా ఇయో షి స్టేషన్ దాకా పోండి. దాని ఎదురుగానే ఇయోతెత్సు వాళ్ల గున్‌చూకో స్టేషన్ ఉంది, అక్కడి నుంచి మత్సుయామా నగరంలోకి బండ్లు తరచుగా ఉంటాయి, రాత్రి కొంతసేపటి దాకా దొరుకుతాయి. జేబుకి చాలా తేడా వస్తుంది.

మత్సుయామాలో దిగాక ఒంట్లో ఓపిక ఉంటే స్టేషన్ ముందు ట్రాం ఎక్కి దోగో ఒన్‌సెన్ అనే వేడినీళ్ల స్నానశాలకి పోండి. చివరి స్టాపే, ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. 1894లో కట్టిన చెక్క భవనం, ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగి 2024 జులైలో పూర్తిగా తెరిచారు. రాత్రి పదకొండు దాకా ఉంటుంది, పదిన్నర లోపు లోపలికి వెళ్లాలి. సముద్రగాలికి జిడ్డెక్కిన జుట్టు ముందు బయట రుద్దుకుని, ఆ తర్వాతే వేడినీళ్ల తొట్లోకి దిగండి. తువ్వాలు నీళ్లలో ముంచకండి, నెత్తిన పెట్టుకోండి.